అడగాల్సింది ఫొటో ఎవరిదని కాదు, లెక్క ఎప్పటిదని

2022 సెప్టెంబరు 2న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కామారెడ్డి జిల్లా బీర్కూరులో రేషన్ షాపు ముందు నిలబడి జిల్లా కలెక్టరును నిలదీసిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కిలో బియ్యంలో కేంద్రం ఎంత పెడుతోంది, రాష్ట్రం ఎంత పెడుతోంది అని అడిగారు. తర్వాత లెక్క ఆమే చెప్పారు. బయట 35 రూపాయలుండే కిలోకి కేంద్రం 30 దాకా పెడుతుంది, రాష్ట్రం 4, కార్డుదారు రూపాయి. మరి షాపులో ప్రధాని ఫొటో ఏది? దానికి జవాబుగా టీఆర్ఎస్ వాళ్లు గ్యాస్ బండల మీద మోదీ ఫొటో, పక్కన 1,105 రూపాయల ధర అంటించి ఊరేగించారు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం మొదలయ్యాక ఫొటో పంచాయితీ మళ్లీ లేచింది. సొమ్మొకడిది సోకొకడిది అని రెండు పక్షాలూ ఒకరినొకరు అనుకుంటూనే ఉన్నాయి.

మంత్రి చెప్పిన ఆ లెక్క జాతీయ ఆహార భద్రత చట్టం కిందున్న కార్డుకి అప్పట్లో సరిగ్గానే సరిపోయింది. ఆ వరుసలోనే నిలబడ్డ పక్క మనిషి కార్డు రాష్ట్రం సొంతంగా ఇచ్చిందైతే మాత్రం సరిపోదు. ఆ రెండో కార్డు మీద తూచిన కిలోకి కేంద్రం వాటా సున్నా. కార్డు చూస్తే తేడా తెలియదు, సంచీలో బియ్యం చూసినా తెలియదు. గొడవ మూలం అక్కడుంది, ఫొటోలో లేదు.

ముందు కిలో బియ్యం ఖర్చు ఎలా ఏర్పడుతుందో చూద్దాం. 2025-26లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. క్వింటాలు ధాన్యం ఆడిస్తే మిల్లరు అప్పజెప్పాల్సింది 67 కిలోల పచ్చిబియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు. అంటే కొనుగోలు కేంద్రంలో రైతుకిచ్చిన డబ్బే కిలో బియ్యానికి 35 రూపాయల 66 పైసలు పడింది. దాని మీద హమాలీ, గోనెసంచి, మిల్లింగు, లారీ కిరాయి, గోదాము అద్దె, బ్యాంకు వడ్డీ, తరుగు వచ్చి చేరతాయి. అన్నీ కలిపితే 40 రూపాయలు దాటుతుంది. ఢిల్లీ నుంచి బియ్యం రావడం లేదు. మన దగ్గర పండి, మిర్యాలగూడలోనో తణుకులోనో ఆడిన బియ్యమే మండల స్టాకు పాయింటుకి, అక్కడి నుంచి షాపుకి వెళ్తుంది. ఢిల్లీ నుంచి రావాల్సింది డబ్బు.

ఆ డబ్బు వచ్చే దారి తెలియకపోతే రాష్ట్రాల గోడు అర్థం కాదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ వికేంద్రీకృత సేకరణ విధానం నడుస్తోంది. పౌరసరఫరాల సంస్థ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి ధాన్యం కొంటుంది, ఆడిస్తుంది, పంచుతుంది, ఆ తర్వాత కేంద్రానికి బిల్లు పెడుతుంది. కేంద్రం ముందు తాత్కాలిక లెక్క ప్రకారం ఇచ్చి, ఆడిట్ అయిన ఖాతాలు అందాకే మిగతాది తేలుస్తుంది. ఆడిట్ ఆలస్యమైతే బాకీ ఆగుతుంది. రవాణాకో గోనెసంచులకో కేంద్రం పెట్టిన పరిమితికి మించి ఖర్చయితే అది రాష్ట్రం నెత్తినే పడుతుంది. బాకీ ఆగినన్నాళ్లూ వడ్డీ మాత్రం ఆగదు. తెలంగాణ పౌరసరఫరాల సంస్థ అప్పు సుమారు 56 వేల కోట్లని 2023 డిసెంబరు శ్వేతపత్రంలో ప్రభుత్వమే పెట్టింది. అందులో గత ప్రభుత్వం తప్పెంత, కేంద్రం బకాయి ఎంత, మిల్లర్లు తిరిగివ్వని బియ్యం ఎంత అన్నది వేరే చర్చ. రేషన్ అప్పు మీద నడుస్తోందన్నది మాత్రం అందరూ ఒప్పుకునే మాట.

కేంద్రమూ ఇదే పని చేసింది. భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ)కి ఇవ్వాల్సిన సబ్సిడీని బడ్జెట్‌లో తక్కువ చూపించి, మిగతాది చిన్న పొదుపు నిధి నుంచి అప్పుగా ఇప్పించేది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఆ పద్ధతి మాని పాత అప్పు కడితే, 2020-21 ఆహార సబ్సిడీ ఒక్కసారిగా 5 లక్షల కోట్లు దాటింది. కొవిడ్ బియ్యం ఖర్చు కూడా అందులో ఉంది గానీ, ఏళ్ల తరబడి దాచిన ఖర్చు బయటపడటమూ పెద్ద కారణమే. ఖర్చు దాచడంలో రెండు ప్రభుత్వాలకూ అనుభవం ఉంది. కాబట్టి ఒకరు చెప్పే అంకె విని రెండోవారిని తిట్టే ముందు ఆ అంకె ఏ కార్డుకి సంబంధించిందో అడగడం మేలు.

ఇక అసలు సంఖ్య. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం పల్లెల్లో 75 శాతం మందికి, పట్టణాల్లో 50 శాతం మందికి వర్తించాలంది. దేశం మొత్తం మీద 81.35 కోట్ల మంది. ఆ శాతాలు దేశానికి సగటు. రాష్ట్రానికి ఎంతన్నది 2011-12 వినియోగ సర్వేను బట్టి అప్పటి ప్రణాళికా సంఘం లెక్కగట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు పల్లెల్లో 60.96 శాతం, పట్టణాల్లో 41.14 శాతం వచ్చింది. కర్ణాటకకు 76.04, 49.36. మహారాష్ట్రకు 76.32, 45.34. గుజరాత్‌కు 74.64, 48.25. రాయచూరు పల్లె కన్నా మహబూబ్‌నగర్ పల్లె, బళ్లారి కన్నా అనంతపురం అంత మెరుగ్గా ఉన్నాయని ఆ నేల మీద నడిచినవాళ్లెవరూ అనరు. ఒక సర్వే ఏడాదిలో జనం చెప్పిన వినియోగం ఎక్కువ కనబడింది, అంతే. రాష్ట్రం విడిపోయాక ఆ శాతాల మీదే ఆంధ్రప్రదేశ్‌కు 2.68 కోట్ల మంది, తెలంగాణకు సుమారు 1.91 కోట్ల మంది అని గిరి గీశారు. ఆ గీత ఇప్పటికీ కదల్లేదు.

ఇక్కడి పాత సంగతి కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ నేల మీద తెల్లకార్డు కేంద్రం గీసే పేదరిక రేఖను దాటే ఉంది. ధర పెరిగింది, 2008లో మళ్లీ 2 రూపాయలకి, 2011లో రూపాయికి దిగింది. ధర మార్చిన ప్రభుత్వాలున్నాయి గానీ, కార్డుల్ని కేంద్రం గీతకు కుదించే ధైర్యం ఏదీ చేయలేదు. ఈరోజు ఆంధ్రప్రదేశ్‌లో రైస్ కార్డుల మీద ఉన్నవాళ్లు సుమారు 4.2 కోట్లు. తెలంగాణలో 2025 కొత్త కార్డులకు ముందే సుమారు 2.8 కోట్లు. చట్టం గిరి గీసిన సంఖ్యకూ ఈ సంఖ్యకూ మధ్య తేడాయే రాష్ట్ర కోటా.

తెలంగాణనే తీసుకుని గుణించి చూద్దాం. కేంద్రం మనిషికి 5 కిలోల లెక్కన 1.91 కోట్ల మందికి ఇస్తే నెలకు 95,500 టన్నులు. అంత్యోదయ కార్డున్న నిరుపేద కుటుంబాలకు 35 కిలోలు కాబట్టి నిజానికి కొంచెం ఎక్కువే ఉంటుంది, దాన్ని పక్కన పెడదాం. రాష్ట్రం పంచేది మనిషికి 6 కిలోల చొప్పున 2.8 కోట్ల మందికి, అంటే 1,68,000 టన్నులు. తేడా 72,500 టన్నులు. కిలోకి 40 చొప్పున నెలకు 290 కోట్లు, ఏడాదికి 3,480 కోట్లు. ఉజ్జాయింపు లెక్కే, కానీ ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇందులో సన్నబియ్యం అదనపు ఖర్చు ఇంకా కలవలేదు. సన్న వడ్లకు రాష్ట్రం క్వింటాలుకు 500 బోనస్ ఇస్తోంది. 67 కిలోలకు పంచితే కిలో బియ్యానికి 7 రూపాయల 46 పైసలు. మద్దతు ధర మీదున్నది కేంద్రం కట్టదు. పైగా బోనస్ ఇచ్చే రాష్ట్రాల నుంచి ఆ రాష్ట్ర రేషన్ అవసరానికి మించి బియ్యం తీసుకోబోమని 2014లోనే కేంద్రం చెప్పేసింది. డీలరు కమీషన్ కూడా అంతే. కేంద్రం లెక్కలో క్వింటాలుకు 90, వేలిముద్ర తీసుకునే ఈ-పోస్ మిషన్ వాడితే ఇంకో 21. దాన్ని చెరి సగం పంచుకుంటారు. రాష్ట్ర కోటా బియ్యం మీద మాత్రం మొత్తం కమీషన్ రాష్ట్రానిదే.

కాబట్టి కేంద్రం చాలా పెడుతోందన్నది నిజం. రాష్ట్రం చాలా పెడుతోందన్నదీ నిజం. రెండూ నిజమైనా మధ్యలో నలిగేది కార్డుదారే. అది ఎంత దారుణంగా జరుగుతుందో 2022లో చూశాం. కొవిడ్ కాలపు ఉచిత బియ్యాన్ని కేంద్రం ఏప్రిల్ నుంచి మరో ఆరు నెలలు పొడిగించింది, మనిషికి అదనంగా 5 కిలోలు, చట్టం కిందున్న కార్డులకే. మొదట్లో ఆంధ్రప్రదేశ్ అందరికీ పంచి, తేడా తానే భరించింది. పొడిగింపు మీద పొడిగింపు వచ్చేసరికి ఆ భారం మోయలేనంది. కొందరికే ఇస్తే ఒకే రకం కార్డున్న పక్కింటివాళ్లు ఎందుకు లేదంటారు, అందరికీ ఇస్తే ఖజానా తట్టుకోదు. ఆ సందిగ్ధంలో ఎవరికీ ఇవ్వకుండా ఏప్రిల్ నుంచి జులై దాకా గడిపేశారు. కేంద్రం నిలదీశాక ఆగస్టులో చట్టం కిందున్న కార్డులకు మాత్రం మొదలుపెట్టారు. తెలంగాణలోనూ ఏప్రిల్, మే బియ్యం సమయానికి పంచలేదు. మిల్లుల తనిఖీలో బస్తాలు తగ్గడం, ఈ పంపిణీ జరగకపోవడం చూపించి జూన్‌లో కేంద్రం రాష్ట్రం నుంచి బియ్యం తీసుకోవడమే ఆపేసింది, జులై మూడో వారం దాకా. మిల్లుల దగ్గర ధాన్యం బస్తాలు వానలో తడిశాయి. రెండు ప్రభుత్వాల మధ్య మాట పడిపోతే ముందు ఆగేది పళ్లెంలో బియ్యం, తర్వాత మిల్లు, ఆ తర్వాత రైతు.

నన్ను అన్నింటికన్నా కలతపెట్టేది డబ్బు తేడా కాదు, హక్కు తేడా. చట్టం కిందున్న కార్డుకి నెల బియ్యం ఇవ్వకపోతే సెక్షన్ 8 ప్రకారం ఆహార భద్రత భత్యం ఇచ్చి తీరాలి. 2015 నిబంధనల్లో లెక్క కూడా ఉంది. ధాన్యం మద్దతు ధరను బియ్యానికి మార్చి, దానికి 1.25 రెట్లు కట్టి, అందులోంచి జారీ ధర, అంటే షాపులో కార్డుదారు కట్టే ధర తీసేయాలి. ఇప్పుడు జారీ ధర సున్నా కాబట్టి 2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2,369 మీద లెక్కేస్తే కిలోకి సుమారు 44 రూపాయలు, 5 కిలోలకు 220. తర్వాతి నెల మూడో వారంలోగా చేతికందాలి. 2022లో ఆగింది చట్టానికి మించి ఇచ్చిన అదనపు బియ్యం కాబట్టి దానికి ఈ భత్యం వర్తించదు గానీ, చట్టమిచ్చే 5 కిలోలే ఆగితే చట్టం కిందున్నవాళ్లకు కనీసం అడగడానికి చేతిలో చట్టం ఉందన్నమాట. రాష్ట్ర కోటా కార్డుకి అదీ లేదు. దాని వెనకున్నది ఒక జీవో. జీవోని ఇంకో జీవోతో మార్చేయొచ్చు, బియ్యం బదులు ఇంకేదో ఇవ్వొచ్చు, ఆపేయొచ్చు. అడిగితే చూపించడానికి సెక్షన్ ఉండదు.

ఆపడం కూడా ఎవరూ బహిరంగంగా చేయరు. కొత్త కార్డు ఇవ్వకుండా ఊరుకుంటారు. తెలంగాణలో 2021లో ఇచ్చిన కొన్ని లక్షల కార్డులు మినహాయిస్తే పెళ్లయి వేరుపడ్డ జంటలు 2025 దాకా ఎదురుచూశాయి. రేషన్ మనిషి లెక్కన ఇస్తారు కాబట్టి పుట్టిన బిడ్డ పేరు ఎక్కించని ప్రతి నెలా ఆ ఇంటికి 6 కిలోలు కోత. అయిదేళ్ల బిడ్డ పేరు ఎక్కలేదంటే 360 కిలోలు పోయాయి. ఏ బడ్జెట్ పత్రంలోనూ ఆ కోత కనబడదు. మరోవైపు చనిపోయినవాళ్ల పేర్లు, అత్తారింటికి వెళ్లిన ఆడపిల్లల పేర్లు మాత్రం ఈ-కేవైసీ పేరుతో వెంటనే తీసేస్తారు. తీయడం సబబే. తీసే వేగంతో చేర్చరన్నదే నా ఫిర్యాదు.

ఆంధ్రప్రదేశ్‌లో పడే కోతకు ఆరు దశల తనిఖీ అని పేరు. పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 ఆదాయ పరిమితి, 3 ఎకరాల మాగాణి లేదా 10 ఎకరాల మెట్ట, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల బండి, నెలకు 300 యూనిట్ల కరెంటు. చదవడానికి న్యాయంగానే ఉంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఒకే మీటరు మీద మూడు వాటాలు అద్దెకిచ్చిన ఇంట్లో 300 యూనిట్లు దాటడం వింతేమీ కాదు, ఆ మీటరు ఎవరి ఆధార్‌కి తగిలిందో వాళ్ల కార్డు పోతుంది. బ్యాంకు లోను కోసం ఒక ఏడాది రిటర్ను వేసిన చిన్న కాంట్రాక్టు ఉద్యోగి పన్ను కట్టకపోయినా పన్ను చెల్లింపుదారుల జాబితాలో కనబడతాడు. గ్రామ, వార్డు సచివాలయంలో అర్జీ పెట్టి, విద్యుత్ సంస్థ నుంచి మీటరు విడగొట్టిన కాగితమో, పన్ను సున్నా అని చూపే పత్రమో జతచేస్తే తిరిగొస్తుంది. అది తెలియని వాళ్లే ఎక్కువ.

ఇంతమందికి అవసరమా అని అడిగేవాళ్ల మాట కొట్టిపారేయలేను. తెలంగాణలో 2011 జనాభాతో పోలిస్తే పదిమందిలో ఎనిమిది మందికి కార్డుంది. నెలనెలా బియ్యం అమ్ముకునేవాళ్లున్నారు, ఆ బియ్యం కొని మిల్లుకో ఓడరేవుకో తరలించేవాళ్లున్నారు. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఓడ దగ్గర జరిగిన రభస అందరూ చూశారు. అయితే ఎందుకు అమ్ముతున్నారన్నది చూడాలి. దొడ్డు బియ్యం ముద్దగా అవుతుంది, పిల్లలు తినరు, కాబట్టి దాన్ని కిలో పదికో పదిహేనుకో ఇచ్చేసి ఇంకో నలభై వేసి సన్నబియ్యం కొనుక్కుంటారు. ప్రభుత్వం 40 పెట్టిన సరుకు విలువ వీధిలో పదికి పడిపోయిందంటే ముప్ఫై రూపాయలు దళారీ పాలయ్యాయన్నమాట. అదనంగా ఏడున్నర పెట్టి తినే బియ్యం ఇస్తే ఆ 40 వృథా కాదు. సన్నబియ్యాన్ని ఓట్ల తాయిలం అనే ముందు ఈ లెక్క చూడమని నా విన్నపం. కాకపోతే సన్న రకాలు వానాకాలంలోనే బాగా వస్తాయి. యాసంగిలో గింజ గట్టిపడే వేళకి ఎండ ముదిరి పగుళ్లు వస్తాయి, పచ్చిగా ఆడిస్తే నూకలే. 2021-22లో వడ్ల కొనుగోలు మీద కేంద్రంతో జరిగిన యుద్ధమంతా ఈ యాసంగి ఉప్పుడు బియ్యం గురించే. ఏడాది పొడవునా రేషన్‌కి సన్నబియ్యం కావాలంటే వానాకాలపు పంట నిల్వపెట్టాలి. గోదాము ఖర్చు పెరుగుతుంది. ఆ లెక్క రాష్ట్రం ఇప్పుడే బయటపెట్టాలి.

బియ్యం బదులు డబ్బిస్తే పోలేదా అంటారు. 2023లో కర్ణాటకకు ఆ పరిస్థితే వచ్చింది. ఆ రాష్ట్ర ఉచిత బియ్యం పథకం అన్నభాగ్య కింద అదనపు 5 కిలోల కోసం ఎఫ్‌సీఐ దగ్గర కొనబోతే, ఒప్పుకున్న మర్నాడే కేంద్రం రాష్ట్రాలకు బియ్యం అమ్మకం ఆపేసింది. డబ్బు చేతిలో ఉండి బియ్యం దొరకని స్థితి. చివరికి కిలోకి 34 లెక్కన మనిషికి 170 రూపాయలు ఖాతాలో వేశారు. ఆ ధరకి దుకాణంలో తినే బియ్యం రాదు, ధర పెరిగినా 170 పెరగలేదు. 2025లో కేంద్రం కిలో 22.50కి ఇస్తానన్నాకే మళ్లీ బియ్యం మొదలైంది.

ఇక ఏం అడగాలి? 2027 మార్చి 1 తేదీతో జనగణన వస్తోంది. చట్టంలో సెక్షన్ 9 ప్రకారం, అంకెలు ప్రచురితమైన జనగణనే ఆధారం. కాబట్టి సంఖ్య ఎలాగూ మారుతుందని మన నాయకులు కొందరు నింపాదిగా ఉన్నారు. అది సరిపోదు. దక్షిణాదిలో జనాభా నెమ్మదిగా పెరిగింది. 60.96, 41.14 శాతాలు అలాగే ఉంచి కొత్త జనాభాతో గుణిస్తే మనకు వచ్చేది కొద్దిగానే. మారాల్సింది శాతం. 2011 జనాభా మీదే కర్ణాటక శాతాలు వేసి చూస్తే ఆంధ్రప్రదేశ్‌కు ఇంకో 65 లక్షల మంది దాకా, తెలంగాణకు ఇంకో 40 లక్షల మంది దాకా చట్టం కిందకు వస్తారు. మనిషికి ఏడాదికి 60 కిలోలు, 2,400 రూపాయలు. అంటే ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌కు సుమారు 1,560 కోట్లు, తెలంగాణకు సుమారు 960 కోట్లు. మన ఎంపీలు ఫొటో మీద మాట్లాడిన రోజుల్లో సగం ఈ రెండు శాతాల మీద మాట్లాడితే బాగుండేది. అనర్హుల్ని తీసేసి ఆ ఖాళీల్లో కొత్తవాళ్లని చేర్చుకోవచ్చు కదా అని కేంద్రం అంటుంది. కొంత చేయొచ్చు, చేయాలి కూడా. కానీ కోటి మందికి పైగా తేడా ఉన్నచోట ఆ ఖాళీలు దేనికీ చాలవు.

రాష్ట్రాల చేతిలో ఉన్న పనులు రెండున్నాయి. వాటికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మొదటిది, రాష్ట్ర కోటా కార్డులకు శాసనసభలో చట్టం చేసి, ఆగిన నెలకు భత్యం వాళ్లకీ వర్తింపజేయడం. రెండోది, ఈ-పోస్ రసీదు మీద నాలుగు వరుసలు అచ్చు వేయడం: ఈ కార్డు ఏ కోటా, మొత్తం కిలోలెన్ని, అందులో కేంద్రం ఖర్చెంత, రాష్ట్రం ఖర్చెంత. ఆ మిషన్ ఇప్పటికే పేరు, కిలోలు అచ్చు వేస్తోంది, ఇంకో నాలుగు వరుసలకు పట్టే కాగితం రెండంగుళాలు.

తనది ఏ కోటానో కార్డుదారుకి ఊళ్లో ఉన్నన్నాళ్లూ తెలియాల్సిన పని పడదు. ఊరు దాటితేనే తెలుస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు వర్తించేది జాతీయ చట్టం కింద ఉన్న పేర్లకే. పాలమూరు నుంచి ఒకే బస్సులో ముంబై వెళ్లిన ఇద్దరు మేస్త్రీల్లో ఒకరు అక్కడి షాపులో వేలిముద్ర వేసి తన 5 కిలోలు తీసుకోగలడు, రాష్ట్రమిచ్చే ఆరో కిలో అక్కడికి రాదు. రెండోవాడిది రాష్ట్ర కోటా అయితే వేలిముద్ర కలిసినా ఒక్క గింజ రాదు. బజార్లో కొనుక్కుని వండుకోవాల్సిందే.